నలభై అడుగుల్లో బండ

ఫెబీ వేయిస్తున్న మొదటి బోరు తొంభై అడుగుల దగ్గర కూలిపోయింది.

కూలిపోవడమంటే పెద్ద చప్పుడేమీ రాలేదు. పొద్దుటి నుంచీ గుక్కతిప్పుకోకుండా అరుస్తున్న కంప్రెసర్ గొంతు ఒక్కసారిగా మారింది. బోరులోంచి ఎగజిమ్ముతున్న నల్లటి పలకరాయి పొడి ఆగిపోయింది. తిరుగుతున్న రాడ్డు మొరాయించింది. మీట దగ్గర నిలబడ్డ కృపాకర్ మొహం చూడగానే ఫెబీకి విషయం అర్థమైపోయింది. ఆయన ఆ బోరు బండికి యజమాని, ముప్పై ఏళ్లుగా గిద్దలూరు చుట్టుపక్కల నేలంతా గుచ్చి చూసినవాడు, పైగా ఆమె కన్నతండ్రి. పని చెడినప్పుడు ఆయన మీసం ఎడమ వైపుకి వంగుతుంది.

"లోపల మట్టి జారింది పాపా. హ్యామర్ ఇరుక్కుంది" అన్నాడు.

రాడ్డు చివర రాయిని పిండిచేసే ఆ హ్యామర్‌ను పైకి లాగేసరికి మధ్యాహ్నం దాటింది. లాగుతున్నంతసేపూ చుట్టూ జనం ఉన్నారు. బోరు వేస్తున్నారంటే ఆ ప్రాంతంలో పనులు మానుకుని వచ్చి చూస్తారు. నీళ్లు పడితే ఆ చిమ్మే నీళ్లలో తడవడానికి పిల్లలు చొక్కాలు విప్పి సిద్ధంగా ఉంటారు. ఇది నీళ్ల కోసం వేసే బోరు కాదని ఫెబీ చెప్పి చెప్పి అలిసిపోయింది. పుల్లమ్మ అనే ముసలామె అయితే రెండు బిందెలతో వచ్చి, విషయం విని, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"నీళ్లు అక్కర్లేని బోరా? మన వైపునా? మీకేమన్నా ఎండదెబ్బ తగిలిందా తల్లీ?"

ఆమె తప్పేం లేదు. పెద్దారవీడు రోడ్డు మీది ఆ చిన్న ఆసుపత్రి ఆవరణలో జరుగుతున్న పని ఆ చుట్టుపక్కల ఎవరూ ఎరగనిది. బాలింతల వార్డుకి చల్లదనం కావాలి. మే నెలలో ఓల్టేజీ పడిపోతే ఉన్న ఒక్క ఏసీ మూలుగుతుందే తప్ప చల్లబడదు. కొత్త యంత్రం పద్ధతి వేరు. వార్డులోని వేడిని పైపుల్లో తిరిగే నీళ్లు మోసుకెళ్లి భూమిలో వదిలేసి వస్తాయి. పైన నలభై అయిదు డిగ్రీల ఎండ కాస్తున్నా, వంద అడుగుల కింద నేల ఏడాది పొడుగునా ఒకే తీరున, ముప్పైకి అటూ ఇటూగా ఉంటుంది. మండే గాలిలోకి వేడిని నెట్టడం కంటే ఆ నేలలోకి నెట్టడం సులువు, కరెంటూ తక్కువ పడుతుంది. అందుకు మూడు వందల అడుగుల బోర్లు నాలుగు కావాలి. వాటిలోకి పైపులు దించి, చుట్టూ మెత్తటి బంకమట్టి పోసి మూసేయాలి. యంత్రాన్ని హైదరాబాదులో ఒక ట్రస్టు వాళ్లు పంపారు. అది వార్డు వసారాలో చెక్కపెట్టెల్లో కూర్చుని ఉంది, దాన్ని బిగించే పని ఫెబీది.

ఆ ట్రస్టు ఇంజనీరుకి ఫెబీ ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన మర్యాదస్తుడే. కసరలేదు. ఇంకొక్క బోరు ప్రయత్నించమన్నాడు. అదీ కూలితే ఆ నేల ఈ పద్ధతికి పనికిరాదని రాసేసి, పెట్టెలు వేరే జిల్లాకి పంపిస్తామన్నాడు. "మీ ప్రాంతంలో ఇంకెవరూ మళ్లీ అడగరు కూడా" అని నెమ్మదిగా కలిపాడు.

ఫోన్ పెట్టేసి ఫెబీ వార్డులోకి వెళ్లింది. కిటికీలకి తడిపిన చీరలు కట్టారు. అవి అప్పటికే ఎండిపోయాయి. నాలుగు రోజుల పసిబిడ్డ ఒళ్లంతా చెమటకాయలతో కేరుకేరుమంటోంది. ఆ తల్లి ఒక చేత్తో బిడ్డను పట్టుకుని రెండో చేత్తో అట్టముక్క విసురుతూ విసురుతూ కునికిపాట్లు పడుతోంది. చేయి మాత్రం ఆగలేదు. హెడ్ నర్సు విజయమ్మ ఆ అట్ట తీసుకుని తను విసరసాగింది.

"ఏమైంది ఫెబీ? మీ నాయన మొహం చూస్తే శవం దగ్గర కూర్చున్నట్టుంది" అంది.

"నలభై అడుగుల్లో బండ అన్నాడు పిన్నీ. ఇంకాస్తలో వస్తుందని తొంభైకి పోయినా లూజు మట్టే."

విజయమ్మ నవ్వింది. "మీ నాయన చెప్పినాడా? నమ్మినావా?"

ఆ నవ్వు ఫెబీకి గుచ్చుకుంది. బయటికొచ్చింది. కృపాకర్ బండి నీడలో సద్ది విప్పుకుని కూర్చున్నాడు. ఆసుపత్రి వెనక గోడకి ఆనుకునే ఒక బత్తాయి తోట ఉంది. అందులో పన్నెండేళ్ల కిందట బోరు వేసింది ఆయనే.

"నాయనా, ఆ తోటలో నీకు బండ ఎంతలో తగిలింది?"

"నలభై."

"నిజంగా?"

"నలభై అంటుంటే! నేను పట్టుకొచ్చింది రెండు కేసింగ్ పైపులే గదా. తెలిసి తెలిసి నా హ్యామర్ నేనే ఇరికించుకుంటానా?"

అదీ నిజమే. బండ తగిలేదాకా లూజు నేల జారకుండా పైనుంచి కేసింగ్ పైపు దించాలి. ఒక్కో పైపు ఇరవై అడుగులు. నలభైకి రెండు చాలు. ఆయన రెండే తెచ్చాడు. నమ్మకపోతే అలా తెచ్చి ఉండడు.

ఇక్కడ ఆ వృత్తిలో ఉన్న ఒక ఆచారం చెప్పాలి. గిద్దలూరు నుంచి పామూరు దాకా ఏ బోరు బండి ఓనరుని ఆపి "అన్నా, ఆడ బండ ఎంతలో?" అని అడిగినా వచ్చే జవాబు నలభై. ఎదుటి ఓనరు నమ్మాడా, రెండు పైపులతో వెళ్లి బోరు కూలగొట్టుకుంటాడు. రైతుకి కోపమొచ్చి మనల్ని పిలుస్తాడు. నమ్మలేదా, మనకి పోయిందేం లేదు. అందుకే కేసింగ్ పైపుల బండి ఎప్పుడూ టార్పాలిన్ కప్పుకునే వెళ్తుంది. పైపులు లెక్కపెడితే లోతు తెలిసిపోతుందని. దీన్ని అబద్ధమని ఎవరూ అనుకోరు. కృపాకర్ ఆదివారం చర్చిలో అందరికంటే గట్టిగా పాడతాడు, ఇంకే విషయంలోనూ బొంకడు. బండ లోతు దగ్గర మాత్రం ఆయన నోటికి ఇంకో అంకె తెలియదు. దాని వల్ల కూలిన బోర్ల ఖర్చు ఏ ఓనరూ భరించలేదు. భరించింది రైతులే.

ఫెబీ ఆ సాయంత్రం విజయమ్మ పక్కన కూర్చుని తన ఆలోచన చెప్పింది. ఈ ఆసుపత్రి చుట్టూ మైలు దూరంలో ఇరవై ముప్పై బోర్లు ఉన్నాయి. వేసినవాళ్లందరూ బతికే ఉన్నారు. అందరూ ఒక్కచోట కూర్చుని తమకి తెలిసింది చెబితే, బండ ఎక్కడ పైకొచ్చిందో, ఎక్కడ లోతుకి దిగిందో తేలిపోతుంది.

"వాళ్లా? ఒక్కచోటా?" అంది విజయమ్మ. కాసేపు ఆలోచించి ఫోన్ తీసింది. "వాళ్ల పిల్లలందరికీ బొడ్డు కోసింది నేనే. ఎట్ల రారో చూస్తా."

పిలిచినవాళ్లలో పెద్దారవీడు అంకన్న ఒక్కడే రాలేదు, దోర్నాల వైపు పని మీద ఉన్నాడట. మిగిలినవాళ్లు బుధవారం ఉదయం ఒక్కొక్కరే వచ్చారు. మార్కాపురం నాగేంద్ర తెల్లచొక్కా, జేబులో రెండు ఫోన్లతో వచ్చాడు. ఆయనా కృపాకరూ పదిహేనేళ్లుగా ఎదురుపడితే అద్దాలు పైకెత్తుకుని వెళ్లిపోయే మనుషులు. పామూరు నుంచి శివకుమారి వచ్చింది. మొగుడు పోయాక అతని బండిని తనే నడుపుకొస్తున్న మనిషి. నోరు పెద్దది, నవ్వు అంతకంటే పెద్దది. ఇంకో నలుగురు వచ్చి, ఎవరికి వారు ఎడంగా గోడకి ఆనుకుని కూర్చున్నారు.

ఆసుపత్రి ముందు రేకుల షెడ్డులో నేలంతా మార్కాపురం పలకరాళ్లు పరిచి ఉన్నాయి. ఫెబీ ఆ నల్లటి నేల మీద బలపంతో ఆసుపత్రి, రోడ్డు, వాగు, తోటలు గీసింది. తెలిసిన బోర్లన్నిటికీ సున్నాలు చుట్టింది.

"మామా, అక్కా, నేను దాచేదేం లేదు" అంది. "ఇంకొక్క బోరు కూలిందంటే ఆ పెట్టెలు ఎల్లిపోతాయి. లోపల బిడ్డలు ఉడికిపోతున్నారు. అదొక్కటే కాదు. ఈ పని ఈడ నిలబడితే రేపు హాస్టళ్లు అడుగుతాయి, స్కూళ్లు అడుగుతాయి. అప్పుడు అందరి బండ్లకీ పని. కూలితే ఎవురికీ లేదు. మీ మీ బోర్లలో బండ ఎంతలో తగిలిందో చెప్పండి. చాలు."

టీ వచ్చింది. టీ అయిపోయింది. నాగేంద్ర గొంతు సవరించుకుని, "ఆ వాగు పక్కది నాది. నలభై" అన్నాడు.

"రాముల గుడి కాడిది నాది. నలభై" అన్నాడు ఇంకొకాయన.

"నాదీ అంతే. ఓ రెండడుగులు ఎక్కువేమో."

ఫెబీ రాస్తూ పోయింది. పావుగంటలో పటం పూర్తయింది. దాని ప్రకారం ఆ నేల కింద గచ్చు చేసినట్టు, ఈ చివర నుంచి ఆ చివరిదాకా నలభై అడుగుల్లో బండ. అంత చదునైన బండ దేవుడు ఇంకెక్కడా పరిచి ఉండడు. ఫెబీకి నవ్వు రాలేదు. ఏడుపు వచ్చింది. బలపం కింద పెట్టి, మొహం అటు తిప్పుకుంది.

అప్పుడే శివకుమారి పకపకా నవ్వింది.

"వాగు పక్కన నలభై అంట! ఓ నాగేంద్రన్నా, ఆడ నీ బోరు కూలినాక రైతు పిలిచింది నన్నే గదా. నీ పగిలిన పైపు ముక్కలు బయటికి తీసింది నేనే. డెబ్బై అయిదు!"

నాగేంద్ర చెవులు ఎర్రబడ్డాయి. "నువ్వు మాట్లాడద్దుమ్మా. గుడి వెనక నీ బోరు సంగతి నేను చెప్పనా? నలభై అన్నావు గదా ఊరంతా. ఆడ బండ ఇరవైలోనే ఉంది. లేని లూజుకి కేసింగ్ వేసినావు."

"ఎవురు చెప్పినారు?"

"నీ డ్రైవరే!"

షెడ్డులో నవ్వులు లేచాయి. ఫెబీ మెల్లగా బలపం అందుకుంది. ఆమె బుర్రలో ఏదో వెలిగింది. ఇంతసేపూ తను అడిగిన తీరే తప్పు. ఏ మనిషినీ అతని బోరు గురించి అడగకూడదు.

"సరే, ఎవురి బోరు గురించీ వాళ్లు చెప్పద్దు" అంది. "పక్కవాళ్లది చెప్పండి."

ఇక చూడాలి. గోడలకి అతుక్కున్నవాళ్లు ఒక్కొక్కరే ముందుకు జరిగారు. ఒకరి గుట్టు ఇంకొకరి దగ్గర భద్రంగా ఉంది. ఒకడు కూలగొట్టిన చోటికే రెండోవాడిని రైతు పిలుస్తాడు కదా. ఎవడి హ్యామర్ ఎక్కడ పూడిపోయిందో, ఎవడు రాత్రికి రాత్రి ఎన్ని పైపులు తెప్పించుకున్నాడో, ఎక్కడ పలకరాయి పొరలు పొరలుగా జారిందో, ఎక్కడ బూడిదరంగు పొడి వచ్చాక ఇక భయం లేదో, అన్నీ బయటికొచ్చాయి. పంచె ఎగగట్టి నేల మీద మోకాళ్లూని కూర్చున్న నాగేంద్ర అరచేత్తో ఒక నలభైని చెరిపి అరవై రాశాడు. శివకుమారి చీర కొంగుతో ఇంకో నలభైని తుడిచింది. తెల్లచొక్కా బలపం పొడితో నిండిపోయింది. విజయమ్మ వార్డు గుమ్మంలో నిలబడి కడుపు పట్టుకుని నవ్వుతోంది.

నలభైలన్నీ పోయాయి, ఒకటి తప్ప. ఆసుపత్రి వెనక బత్తాయి తోటలోది. ఆ బోరు కూలలేదు. అందుకని ఇంకెవరూ దాని దగ్గరికి పోలేదు. కృపాకర్ స్తంభానికి ఆనుకుని చేతులు కట్టుకుని ఉన్నాడు.

"అది నిజంగానే నలభై" అన్నాడు.

"ఊరుకో అన్నా!" నాగేంద్ర లేచి నిలబడ్డాడు. ఎన్నేళ్లకో ఆ మనిషిని అన్నా అన్నాడు. "ఆ తోటలో బోరేసిన పొద్దు నీ బండి మార్కాపురం గేటు కాడ నా ముందే పోయింది. టార్పాలిన్ కప్పినావు. బాగానే ఉంది. మరి ఎనక టైర్లు? నేలకి అణిగిపోయి ఉన్నాయి. రెండు పైపులకి టైర్లు అణగతాయా?" వంగి, నలభైని చెరిపేశాడు. "నాలుగు పైపులు. ఎనభై."

"ఎనభై ఏంది?" కృపాకర్ మీసం కదిలింది.

"ఎనభై కంటే దింపే సత్తా ఆ బండికి అప్పుడు యాడుంది?"

"ఏందీ, సత్తానా?" కృపాకర్ స్తంభం వదిలి ముందుకొచ్చాడు. రెండు చేతులూ తనకు తెలియకుండానే పైకి లేచి, గాలిలో పైపుని పట్టుకుని, తిప్పి, అతికించి, కిందికి దించుతున్నాయి. "ఒకటి దించినాం. రెండు. మూడోది వంకర పోతే మళ్లీ లాగి దించినాం. నాలుగు. అప్పటికీ లూజే. నా హెల్పరు శాంతయ్య చేతులు బొబ్బలెక్కి ఏడ్చినాడు. అయిదు దించినాం. ఆరోదాన్ని సగానికి కోయించినా నేను! ఎనభై అంట ఎనభై. నూట పది!"

అని ఆగిపోయాడు. చేతులు గాలిలోనే ఉండిపోయాయి.

షెడ్డు రేకులు ఎగిరిపోయేటట్టు నవ్వారు. శివకుమారి కళ్లు తుడుచుకుంది. నాగేంద్ర పెద్ద పెద్ద అంకెలతో నూట పది అని రాశాడు. కృపాకర్ మాత్రం నవ్వలేదు. ఆ అంకెను చూస్తూ నిలబడ్డాడు. పన్నెండేళ్లుగా అడిగినవాడికల్లా నలభై అని చెప్పి చెప్పి, ఆ ఆరు పైపుల్నీ ఆయనే మరిచిపోయాడు. రెండు పైపులతో కన్నకూతురి బోరు మీదికి వచ్చాడు.

"పాపా" అన్నాడు, గొంతు తగ్గించి. "నేను నీకు అబద్ధం చెప్పలేదు."

"తెలుసు నాయనా."

"చెప్పుంటే బాగుండు. అబద్ధమని కనీసం నాకైనా తెలిసేది."

ఫెబీకి ఆయన మీద కోపం ఎక్కడ పోయిందో తెలియలేదు. ఆయన చెయ్యి పట్టుకుని పటం దగ్గరికి లాక్కెళ్లింది. ఇప్పుడు నేల మాట్లాడుతోంది. వాగు నుంచి ఆసుపత్రి వెనగ్గా, తోట కిందుగా బండలో ఒక పెద్ద లోయ. దాన్నిండా లూజు. తాము బోరు వేసింది సరిగ్గా దాని నడిబొడ్డున. గుడి నుంచి రోడ్డు వారగా మాత్రం బండ పైకి లేచి ఉంది. వార్డు ముందు, గేటు పక్కన ముప్పై, మహా అయితే ముప్పై అయిదు.

"ముందర పక్కకి రావాల" అన్నాడు నాగేంద్ర, అదేదో తన సొంత బోరైనట్టు. "వెనక పోయి చచ్చినారు."

రెండో బోరు శుక్రవారం మొదలుపెట్టారు. చూడటానికే వచ్చామంటూ శివకుమారీ నాగేంద్రా కూడా హాజరయ్యారు. కంప్రెసర్ అందుకుంది. మొదట ఎర్రమట్టి, తర్వాత చిట్లిన పలకరాయి చిమ్మింది. ముప్పై రెండు అడుగుల దగ్గర చప్పుడు గట్టిపడి, బూడిదరంగు పొడి లేచింది. కృపాకర్ ఆ పొడిని వేళ్ల మధ్య నలిపి చూసి, నాగేంద్ర అరచేతిలో కొంచెం పోశాడు. ఆయనా నలిపి, తల ఊపాడు. తమ ఇద్దరి మధ్యా అంత మర్యాద జరిగిందని వాళ్లకి ఆ తర్వాత గానీ తట్టలేదు. ఇద్దరూ చెరో వైపు చూశారు.

మధ్యాహ్నానికి మూడు వందలు పూర్తయింది. బోరు నిలబడింది. ఊట నీళ్లు కొంచెం కొంచెంగా ఊరి, పైదాకా నిండాయి. పైపు దించబోతే ఇంకో చిక్కు వచ్చింది. ప్లాస్టిక్ పైపు సొరకాయ బుర్రలాగా తేలుతూ, ఎంత నొక్కినా పైకే వస్తోంది. కృపాకర్ మనుషులు దాని మీద ఎక్కి తొక్కడానికి తయారయ్యారు.

"ఆగండయ్యా, ఇరగ్గొడతారు!" శివకుమారి కేకేసింది. "ముందు దాన్లో నీళ్లు నింపండి. లోపల బరువుంటే దానంతటదే మునుగుద్ది. మోటారు పైపులతో తిప్పలు పడి నేర్చుకున్నా. చెప్పద్దనే అనుకున్నా. ఏం చేస్తాం, ఈ షెడ్డు గాలి సోకింది."

నీళ్లు నింపారు. పైపు బుద్ధిగా కిందికి దిగింది, ఎక్కడా తట్టుకోకుండా, అడుగు దాకా. ఫెబీ గేజీ బిగించి పీడనం పెట్టింది. ముల్లు నిలబడింది. అందరూ దాన్నే చూస్తున్నారు. టీ తాగి వచ్చి చూసినా ముల్లు అక్కడే ఉంది, అంటే పైపు ఎక్కడా కారడం లేదు. ఫెబీ హైదరాబాదుకి ఫోన్ చేసింది. అవతలి మాటలు విని, ఫోన్ కిందికి దించి, "పెట్టెలు విప్పమన్నారు" అంది. విజయమ్మ ఆమెను దగ్గరికి లాక్కుని నెత్తి మీద ముద్దు పెట్టింది. వార్డు కిటికీలోంచి ఎవరో బాలింత, ఏమిటో తెలియకపోయినా, అట్ట విసరడం ఆపి చప్పట్లు కొట్టింది.

బండి సర్దుతుండగా గేటు దగ్గర ఒక మోటార్ సైకిల్ ఆగింది. దాని మీద అంకన్న. దోర్నాల నుంచి అప్పుడే వస్తున్నట్టున్నాడు, తలంతా దుమ్ము. ఇంజను ఆపకుండానే అరిచాడు.

"ఓ కృపాకర్ మామా! రేపు పొద్దున ఈ వెనక చేలో నాకు బోరుంది, బత్తాయి తోట పక్కనే. ఆడ బండ ఎంతలో?"

ఫెబీ తండ్రి వైపు చూసింది. నాగేంద్ర చూశాడు. శివకుమారి చూసింది. కృపాకర్ చేతిలో స్పానరు అలాగే ఉంది. మీసం ఒకసారి ఎడమకి వంగి, మళ్లీ నిటారైంది.

"నూట పది అల్లుడా" అన్నాడు. "ఆరు పైపులు తీసుకపో."

అంకన్న తల వెనక్కి వాల్చి నవ్వాడు.

"భలేవాడివి మామా! నూట పది అంట! నన్ను ఆరు పైపులు మోయించి నవ్వుకుందామనా? అంటే నలభై అన్నమాట. రెండు చాలు!" గేరు వేశాడు. బండి కదిలింది.

"కాదు అల్లుడా! నిజం!"

"అట్లనే అట్లనే!"

కృపాకర్ స్పానరు పారేశాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, లుంగీ ఎగబట్టి, రోడ్డు మీదికి పరుగెత్తాడు. దుమ్ములో మోటార్ సైకిల్ ముందు, ఆయన వెనక.

"ఆగరా! నీ హ్యామర్ పోతుందిరా! నూట పదిరా, నా పాప మీద ఒట్టు! ఒరేయ్, ఒక్కసారి నమ్మరా!"